లీజు భూమిలో ఫ్లాటు: సంతకం పెట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు

(మహిళా కార్యకర్తల కోసం ఏర్పాటు చేసిన చట్టాల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి గృహహింస చట్టం గురించీ, భరణం కేసుల గురించీ మాట్లాడుకుంటున్నాం. ఈ పూట ఫ్లాటు కొనేటప్పుడు చూసుకోవలసిన విషయాల మీద, అందులోనూ లీజు భూమిలో కట్టిన ఫ్లాట్ల మీద మాట్లాడమని నన్ను అడిగారు. "ఇది డబ్బున్న వాళ్ళ వ్యవహారం, స్త్రీల హక్కుల తరగతిలో దీనికేం పని?" అని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. తలదాచుకోవడానికి నీడ లేని వాళ్ళ కోసం పని చేసే మనం బిల్డర్ల గొడవల్లో ఎందుకు తల దూర్చాలి అనుకునేదాన్ని.

కానీ మన దగ్గరికి సలహా కోసం వచ్చే ఆడవాళ్ళని చూడండి. నర్సులు, టీచర్లు, ప్రైవేటు ఆఫీసుల్లో గుమాస్తాలు, కంప్యూటరు ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు. జీతంలో సగం ఇరవై ఏళ్ళ పాటు ఇంటి అప్పు వాయిదాలకే పోతోంది. పుట్టింటి వాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరం అమ్మి, ఒంటి మీది బంగారం అమ్మి ఆ ఫ్లాటులో పోస్తున్నారు. జీవితకాలపు సంపాదన అంతా ఆ ఒక్క కొనుగోలులోకి వెళ్ళిపోతోంది. అది ఏ కాగితం మీద నిలబడి ఉందో మాత్రం చాలామందికి తెలియదు. కాగితాలు మగవాళ్ళు చూసుకుంటారు అనుకుంటారు. మగవాళ్ళేమో బ్యాంకు వాళ్ళు చూశారు కదా అనుకుంటారు.

మన రాష్ట్రంలో 1986 నాటి చట్టం అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళకి ఆ హక్కు వచ్చింది. పుట్టింటి ఆస్తిలో వాటా గురించి ఇంతకాలంగా మాట్లాడుతున్నాం. మన కష్టార్జితంతో కొన్న ఆస్తి గురించి కూడా అంతే శ్రద్ధగా మాట్లాడాలి.

ఒక సంచీ నిండా కాగితాలు

ఒక కేసు చెబుతాను. ఆమె పేరు చెప్పను. తెనాలి వైపు అమ్మాయి. పెళ్ళయి ఢిల్లీ వెళ్ళింది. భర్తది ప్రైవేటు ఉద్యోగం, ఆమె స్కూలు టీచరు. 2011లో ఢిల్లీ పక్కన కొత్తగా పెరుగుతున్న ఒక పట్నంలో ఫ్లాటు బుక్ చేసుకున్నారు. మొదట కట్టిన డబ్బు ఆమె తల్లి పొలం అమ్మగా వచ్చింది. అప్పు కోసం వెళితే "మీ జీతం కూడా కలిపితేనే ఇంత ఇస్తాం" అన్నారు బ్యాంకు వాళ్ళు. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. 2018లో తాళాలు ఇచ్చారు. పాలు పొంగించి గృహప్రవేశం చేశారు. రిజిస్ట్రేషన్ మాత్రం కాలేదు. ఎప్పుడు అడిగినా బిల్డరు "వచ్చే నెల" అంటూ వచ్చాడు.

కొన్నేళ్ళకి ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. "ఇల్లు నాది, బయటికి నడు" అన్నాడు భర్త. ఆమె ఒక ప్లాస్టిక్ సంచీ నిండా కాగితాలు తెచ్చి మా బల్ల మీద పోసింది. "అక్కా, వీటిల్లో నా పేరు ఎక్కడుందో చూసి చెప్పండి" అంది.

రెండు గంటలు కూర్చుని చూశాం. బ్యాంకు అప్పు పత్రంలో సహ రుణగ్రహీతగా ఆమె పేరు ఉంది. అంటే వాయిదా తప్పితే ఆమెని పట్టుకోవడానికి పనికొచ్చే పేరు. బిల్డరు ఇచ్చిన అలాట్‌మెంట్ లెటర్లో భర్త పేరు ఒక్కటే ఉంది. పోనీ భర్తకైనా హక్కు ఉందా అని చూస్తే, రిజిస్టరైన పత్రమే లేదు. భూమి బిల్డరుది కాదు, ప్రభుత్వ సంస్థది. బిల్డరు దాన్ని లీజుకి తీసుకుని కట్టాడు. ఆ సంస్థకి కట్టవలసిన డబ్బు కట్టలేదు. అందుకని రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. మొగుడూ పెళ్ళాం ఏ ఇంటి కోసం కొట్లాడుకుంటున్నారో, ఆ ఇంటి మీద చట్టం ఒప్పుకునే పత్రం ఇద్దరి దగ్గరా లేదు.

ఆ సంచీలో ఉండవలసి లేకుండా పోయినవి రెండు. ఒకటి, భూమి యజమానికి బాకీ లేదని చూపే కాగితం. రెండు, ఆమె పేరున్న హక్కు పత్రం. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండింటి గురించే.

లీజంటే కౌలే

లీజు అనగానే కంగారు పడనక్కర లేదు. మన పల్లెల్లో కౌలు అంటాం, అదే ఇది. కౌలు రైతు దున్నుతాడు, పంట తీసుకుంటాడు. భూమి మాత్రం ఆసామిదే. గడువు తీరితే భూమి ఆసామి చేతికి పోతుంది. కౌలు కట్టకపోతే గడువు లోపే పోవచ్చు. లీజు ఫ్లాటులో గడువు ఏడాదో రెండేళ్ళో కాకుండా చాలా పొడుగ్గా ఉంటుంది. నొయిడాలో 90 ఏళ్ళు. ముంబయి పక్కన నవీ ముంబయిలో సిడ్కో భూముల్ని 60 ఏళ్ళ లీజుకి ఇచ్చారు. కొన్ని చోట్ల 99, మరికొన్ని చోట్ల 999 ఏళ్ళు. మన హైదరాబాదులోనో విజయవాడలోనో మామూలుగా ఫ్లాటు కొంటే అమ్మకం దస్తావేజులో "అవిభాజ్యమైన వాటా ఇన్ని చదరపు గజాలు" అని భూమిలో వాటా రాస్తారు. బిల్డింగు కూలినా ఆ వాటా మీది. లీజు ఫ్లాటులో భూమి మీద యాజమాన్యం రాదు. గడువు దాకా అనుభవించే హక్కు మాత్రమే వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఒక రైతు ఆసామి దగ్గర పదెకరాలు కౌలుకి తీసుకుని, అందులో ఎకరం మీకు మారు కౌలుకి ఇచ్చాడనుకోండి. మీరు అతనికి పైసాతో సహా కట్టేశారు. అతను ఆసామికి కట్టలేదు. ఆసామి వచ్చి అతని కౌలు రద్దు చేస్తే మీ గతేమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 115వ సెక్షను దీనికి జవాబు చెబుతుంది. షరతులు తప్పినందుకు అసలు లీజు రద్దయితే, దాని కింద ఉన్న ఉపలీజులు కూడా పోతాయి. ఉపలీజుదారుని మోసం చేయడానికే ఆ రద్దు చేయిస్తే తప్ప, లేదా కోర్టు దయ తలచి రద్దును ఆపితే తప్ప అదే నియమం. నొయిడా లాంటి చోట్ల ఫ్లాటు కొనేవాళ్ళు ఉపలీజుదారులు. భూమి అథారిటీది, లీజు బిల్డరుది, మనకి వచ్చేది ముగ్గురూ సంతకం చేసే ఉపలీజు పత్రం. నడిమి వాడు తప్పు చేస్తే చివరి వాళ్ళ మీద పడుతుంది.

నొయిడాలో జరిగింది

ఇది పుస్తకంలో ప్రమాదం కాదు. నొయిడా అథారిటీ 1976లో ఏర్పడింది. గ్రేటర్ నొయిడా అథారిటీ 1991లో వచ్చింది. భూమి విలువలో కొంత ముందు కట్టించుకుని, మిగతాది వడ్డీతో వాయిదాల్లో కట్టమని బిల్డర్లకి పెద్ద పెద్ద ప్లాట్లు ఇచ్చారు. బిల్డర్లు జనం దగ్గర డబ్బు తీసుకున్నారు గానీ చాలామంది అథారిటీకి కట్టలేదు. ఆమ్రపాలి గ్రూపు సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. 42 వేల మందికి పైగా కొనుగోలుదారులు. వాళ్ళు కట్టిన డబ్బు ఇతర కంపెనీల్లోకి మళ్ళిందని సుప్రీంకోర్టు వేయించిన ఆడిట్‌లో బయటపడింది. 2019 జూలై 23న సుప్రీంకోర్టు ఆ కంపెనీల రెరా రిజిస్ట్రేషన్నీ, వాళ్ళకిచ్చిన భూమి లీజుల్నీ రద్దు చేసింది. లీజు రద్దయితే కొన్నవాళ్ళు కూడా పోవాలి కదా? కోర్టు అలా పోనివ్వలేదు. హక్కుల్ని కోర్టు నియమించిన రిసీవరుకి అప్పగించి, ఎన్.బి.సి.సి. చేత ఇళ్ళు కట్టించమంది. బిల్డరు బాకీని కొనుగోలుదారుల ఫ్లాట్ల నుంచి రాబట్టుకోవడానికి వీల్లేదని అథారిటీలకి చెప్పింది. వేలమంది కూడి ఏళ్ళ తరబడి కొట్లాడితే దక్కిన రక్షణ అది. మన కేసులో అది దానంతట అదే దొరుకుతుందని అనుకోకూడదు.

ఆగిపోయిన ఇళ్ళ ప్రాజెక్టుల సమస్య మీద కేంద్రం 2023లో అమితాబ్ కాంత్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ తర్వాత 2023 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బిల్డర్లకి వడ్డీలో కొంత మినహాయించి, మిగిలిన బాకీలో 25 శాతం ముందు కడితే రిజిస్ట్రేషన్లకి దారి ఇచ్చింది. అప్పటి దాకా ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళు అమ్ముకోలేక, పిల్లలకి రాయలేక, వేరే అప్పు తెచ్చుకోలేక గడిపారు.

అడగవలసిన ప్రశ్నలు

ఇక పనిలోకి వద్దాం. మీ దగ్గరికి ఒకామె "ఫ్లాటు కొంటున్నాం" అని వస్తే ఈ ప్రశ్నలు వరసగా అడగండి.

మొదటిది: భూమి ఎవరిది, లీజు ఎప్పుడు మొదలైంది? గడువు లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, అసలు లీజు రాసిన రోజు నుంచి. 2010లో బిల్డరు 90 ఏళ్ళకి తీసుకుంటే 2100తో తీరిపోతుంది. 2025లో కొన్నామెకి మిగిలింది 75 ఏళ్ళు. ఆమె కూతురు అమ్మబోయే నాటికి ఇంకా తక్కువ. గడువు తరిగే కొద్దీ బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి, ధర కూడా పడుతుంది. గడువు తీరాక పొడిగింపు ఉందా, ఉంటే ఎంత కట్టాలి, కట్టడం ఎవరికి పోతుంది అనేవి లీజు పత్రంలో చదవాలి. బిల్డరు ఇచ్చే రంగుల పుస్తకంలో ఇవి ఉండవు. అసలు లీజు డీడు నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకోవచ్చు.

రెండోది: బిల్డరు భూమి యజమానికి ఎంత బాకీ? ఇ.సి. తీశాం, ఏమీ లేదన్నారు అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఇ.సి.లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. లీజు డబ్బు బాకీలు కనిపించవు. వాటి కోసం భూమి ఇచ్చిన సంస్థనే రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టవచ్చు. 2016 నాటి రెరా చట్టం 11వ సెక్షను ఇక్కడ మనకి ఆయుధం. లీజు భూమిలో కడితే, లీజు గడువు ఎంతో, బాకీలన్నీ కట్టేసినట్టు ధ్రువీకరిస్తూ లీజు సర్టిఫికెట్ తెచ్చి కొనుగోలుదారుల సంఘానికి ఇవ్వడం బిల్డరు బాధ్యత అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఈ సర్టిఫికెట్ సంగతి మనలో చాలామందికి తెలియదు. పేరు పెట్టి అడగండి.

మూడోది: ఏటా కట్టే లీజు అద్దె ఎంత, ఎవరు కట్టాలి? ఇల్లు స్వాధీనం చేసే దాకా భూమి అద్దె, మునిసిపల్ పన్నులు బిల్డరే కట్టాలని అదే సెక్షను చెబుతోంది. ఆ తర్వాత మీ వాటా ఎంత, మధ్యలో పెంచుతారా, ఒకేసారి కట్టేసే వీలు ఉందా అనేది పత్రంలో చూడాలి.

నాలుగోది: షరతులు ఏమిటి? అమ్మాలంటే భూమి ఇచ్చిన సంస్థ అనుమతి కావాలా, బదిలీ రుసుము ఎంత? తాకట్టు పెట్టాలంటే అనుమతి కావాలా? ఇంట్లో టైలరింగు మిషను పెట్టుకుంటే, ట్యూషన్లు చెబితే, పిల్లల్ని చూసుకునే కేంద్రం నడిపితే ఒప్పుకుంటారా? ఇంటి నుంచే సంపాదించుకునే ఆడవాళ్ళకి ఇది చిన్న ప్రశ్న కాదు. ఏ తప్పు చేస్తే లీజు రద్దవుతుందో రాసిన పేరాని రెండుసార్లు చదవండి.

అయిదోది: రెరాలో నమోదైందా? "ఇది అమ్మకం కాదు, లీజే, కాబట్టి రెరా వర్తించదు" అని చెప్పే వాళ్ళున్నారు. నమ్మవద్దు. చట్టం రెండో సెక్షనులోనే ఫ్లాటు సొంత భూమిలో అమ్మినా, లీజు భూమిలో అమ్మినా కొన్నవాళ్ళకి ఒకే రక్షణ ఇచ్చారు. పుణె దగ్గరి లవాసాలో 999 ఏళ్ళ లీజు మీద ఇళ్ళు ఇచ్చిన కంపెనీ ఇదే వాదన చేస్తే 2018లో బొంబాయి హైకోర్టు తోసిపుచ్చింది. రెరా ప్రకారం రిజిస్టరైన ఒప్పందం రాయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలు చేసిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ భూమికీ, కట్టడానికీ మాత్రమే వాడాలి. ఆలస్యం చేస్తే వడ్డీతో డబ్బు వెనక్కి అడగవచ్చు, లేదా ఇల్లు వచ్చే దాకా వడ్డీ అడగవచ్చు.

ఆరోది: మంజూరైన ప్లానులో ఏముంది? పార్కు అని చూపించిన చోట ఇంకో టవరు లేచిన కథ మీకు తెలుసు. నొయిడాలో సూపర్‌టెక్ జంట టవర్లు. నివాసుల సంఘం అలహాబాదు హైకోర్టుకి వెళ్ళింది. 2014లో హైకోర్టు కూల్చమంది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పుని ఖాయం చేస్తూ, అథారిటీ అధికారులు బిల్డరుతో కుమ్మక్కయ్యారని చెప్పింది. 2022 ఆగస్టు 28న టవర్లు కూల్చేశారు. కొన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ప్లాను మార్చకూడదని ఇప్పుడు రెరా 14వ సెక్షను. సంఘం ఉంది గనుక ఆ పోరాటం సాగింది. సంఘంలో ఆడవాళ్ళు ఉన్నారా, మీటింగులకి మనం వెళ్తున్నామా అనేది కూడా ఆలోచించండి.

ఏడోది: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా, రిజిస్ట్రేషన్ ఎప్పుడు? తాళాలు హక్కు ఇవ్వవు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలన్నది చట్టం. రిజిస్టరు కాని కాగితంతో ఎన్నేళ్ళు ఇంట్లో ఉన్నా హక్కు నిలబెట్టుకోవడం కష్టం.

ఎనిమిదోది, పాత ఫ్లాటు కొనేవాళ్ళకి: అమ్మేవాడి చేతిలో ఉన్నదేమిటి? లీజు ఊళ్ళలో అనుమతులూ రుసుములూ తప్పించుకోవడానికి పవర్ ఆఫ్ అటార్నీ మీద, వీలునామా మీద అమ్మడం ఢిల్లీలో పెద్ద అలవాటైపోయింది. అలాంటి కాగితాలతో ఆస్తి బదిలీ కాదని 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. చవకగా వస్తుందని జి.పి.ఎ. మీద కొంటే చేతికి వచ్చేది ఇల్లు కాదు, వ్యాజ్యం.

చివరిగా బ్యాంకు. "బ్యాంకు అప్పిచ్చిందంటే కాగితాలు సరిగా ఉన్నట్టే" అనేది చాలా ప్రమాదకరమైన నమ్మకం. ఇల్లు కట్టకుండానే బ్యాంకులు బిల్డర్లకి డబ్బు విడుదల చేశాయి. వాయిదాలు బిల్డరే కడతానన్నాడు, మానేశాడు. భారం కొన్నవాళ్ళ మీద పడింది. ఈ బిల్డర్ల, బ్యాంకుల కుమ్మక్కు మీద 2025లో సుప్రీంకోర్టు సి.బి.ఐ. విచారణకి ఆదేశించింది. బ్యాంకు తన అప్పు భద్రంగా ఉందా లేదా చూసుకుంటుంది. మన హక్కు మనమే చూసుకోవాలి.

మన పేరు ఏ కాగితంలో ఉంది?

భూమి కాగితాలన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. అయినా ఆ ఇల్లు ఆమెది కాకపోవచ్చు.

సహ రుణగ్రహీతకీ సహ యజమానికీ తేడా ప్రతి స్త్రీకీ తెలియాలి. మొదటిది అప్పులో వాటా. రెండోది ఆస్తిలో వాటా. మన తెనాలి అమ్మాయికి మొదటిది ఉంది, రెండోది లేదు. కాబట్టి అప్పు పత్రం మీద సంతకం అడిగిన రోజునే అలాట్‌మెంట్ లెటర్లో, ఒప్పందంలో, ఉపలీజు పత్రంలో నా పేరు ఏదీ అని అడగాలి. తర్వాత చేర్పించుకోవచ్చులే అనుకోవద్దు. లీజు ఫ్లాటులో తర్వాత పేరు చేర్చడమంటే మళ్ళీ అనుమతి, రుసుము, స్టాంపు డ్యూటీ. వాటన్నిటికన్నా ముందు భర్త ఒప్పుకోవాలి.

రెండు పేర్లు ఉంటే ఎవరి వాటా ఎంతో రాయించండి. రాయకపోతే, ఎవరి డబ్బు ఎంత పెట్టారో దాన్ని బట్టి వాటాలు లెక్కిస్తారు. అది తేల్చలేకపోతే సమానం అనుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షను అది. అందువల్ల పుట్టింటి డబ్బు, బంగారం అమ్మిన డబ్బు చేతికి నగదుగా ఇవ్వవద్దు. మీ ఖాతాలో వేసుకుని, అక్కడి నుంచి బిల్డరుకి చెల్లించండి. బంగారం అమ్మిన రసీదు దాచుకోండి. కోర్టులో కన్నీళ్ళ కన్నా బ్యాంకు పాసు పుస్తకం బాగా మాట్లాడుతుంది.

కొన్ని రాష్ట్రాల్లో స్త్రీ పేరిట రిజిస్టరు చేస్తే స్టాంపు డ్యూటీలో రాయితీ ఉంది. ఢిల్లీలో ఉంది, ఉత్తరప్రదేశ్‌లో ఉంది. అందుకని భార్య పేర కొని, అదే రోజు ఆమె చేత అమ్మే అధికారంతో పవర్ రాయించుకునే భర్తలున్నారు. పేరు ఆమెది, పెత్తనం ఆయనది. పవర్ ఇవ్వక తప్పకపోతే ఒక్క పనికే, ఒక్క తేదీ వరకే ఇవ్వండి.

పేరు లేని స్త్రీకి ఏ దారీ లేదా? ఉంది. 2005 గృహహింస చట్టం 17వ సెక్షను ప్రకారం కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఉంది. ఆ ఇల్లు సొంతమైనా, అద్దెదైనా సరే. మామగారి పేర ఉన్న ఇంటికి కూడా ఇది వర్తించవచ్చని 2020 అక్టోబరులో సతీష్ చందర్ ఆహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇది నివసించే హక్కు. దాన్ని అమ్ముకోలేం, తాకట్టు పెట్టలేం, పిల్లలకి రాయలేం. ఉండనివ్వడానికీ మనదవడానికీ మధ్య దూరం చాలా ఉంది.

పేరు ఉన్న స్త్రీకి ఒక మాట. వీలునామా రాయండి. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం భర్త, పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె స్వార్జితం తల్లిదండ్రుల కన్నా ముందు భర్త తరఫు వారసులకి పోతుంది. 2009లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. పెళ్ళయిన కొద్ది నెలలకే భర్త పోతే అత్తింటివాళ్ళు ఆమెని వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు. ఉద్యోగం చేసి సంపాదించింది. ఆమె పోయాక ఆ సంపాదన భర్త తోబుట్టువు కొడుకులకే చెందుతుందని తీర్పు వచ్చింది. చట్టం అలా ఉంది, మేమేం చేయలేం అంది కోర్టు. ఆ చట్టం మారాలని మనం అడుగుతూనే ఉండాలి. ఈలోగా ఒక కాగితం, ఇద్దరు సాక్షులు చాలు. సొసైటీలో నామినీ పేరు రాశాం కదా అని ఊరుకోవద్దు. నామినీ అయినంత మాత్రాన వారసులు కారు.

మన దగ్గర

హైదరాబాదులో, విజయవాడలో ఉన్న మనకి నొయిడా కథ ఎందుకని అడగవచ్చు. అక్కడ ఉద్యోగాలు చేసే మన పిల్లలు కొంటున్నారు, ఇక్కడ మనం పొలాలు అమ్మి డబ్బు పంపుతున్నాం. అది ఒక కారణం. రెండోది, భూమి ఎవరిది అనే ప్రశ్న ఇక్కడా అంతే ముఖ్యం. దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు, అసైన్డు భూములు మన పట్నాల్లో తక్కువేం లేవు. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం కమిషనరు ముందస్తు అనుమతి లేకుండా గుడి భూమి అమ్మితే అది చెల్లదు. ఇలాంటి భూముల సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ జాబితా చూడండి. ఇంకా పునాది కూడా తియ్యకుండా, రెరా నమోదు లేకుండా, "ఇప్పుడే మొత్తం కట్టేస్తే సగం ధరకే" అని ప్రీ లాంచ్ పేర అమ్మే వాళ్ళ దగ్గరికి పోవద్దు. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే రెరా మూడో సెక్షను ప్రకారం తప్పు.

తెనాలి అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. గృహహింస చట్టం కింద ఆమెకి ఆ ఇంట్లో ఉండే ఉత్తర్వు వచ్చింది. భర్త ఆ ఫ్లాటుని అమ్మకుండా, ఎవరికీ రాయకుండా కూడా కోర్టు ఆపింది. 19వ సెక్షనులో ఆ వీలు ఉంది. తల్లి పొలం డబ్బు అదృష్టవశాత్తూ డి.డి.గా కట్టారు. బ్యాంకు నుంచి ఆ పాత లెక్క తెప్పించడానికే అయిదు నెలలు పట్టింది. వాటా కేసు ఇంకా నడుస్తోంది. బుక్ చేసిన రోజున ఫారంలో ఇంకొక్క పేరు రాయించుకుని ఉంటే ఇదంతా లేదు. అందుకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ అయ్యేది కాదు.

మన సలహా కేంద్రాల్లో ఎవరు వచ్చినా కొట్టాడా, తాగుతాడా, కట్నం అడిగాడా అని అడుగుతాం. ఆ వరసలోనే ఇంకో ప్రశ్న చేర్చుకుందాం. "మీరు ఉండే ఇంటి కాగితం మీరెప్పుడైనా చదివారా? అందులో మీ పేరు ఉందా?" గొడవ వచ్చిన తర్వాత కాకుండా, ఇల్లు కొంటున్నామని సంతోషంగా చెప్పడానికి వచ్చిన రోజునే అడుగుదాం.

సెలవు.